రాఖ్ బాబా కొత్త ముసుగు

కొత్త ముసుగు లోపల కూడా అదే నల్లటి జిగురు పూసి ఉంది.

ఛాయ దాన్ని చేత్తో ముట్టుకోలేదు. కిందటిసారి ముట్టుకున్నందుకు ఎడమ మణికట్టు మీద లేచిన పొక్కులు ఇంకా ఆరలేదు. హార్మోనియం మీద కప్పే గుడ్డతో అంచులు పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో తిప్పి చూసింది. నుదురు ఆనేచోట, బుగ్గలు ఆనేచోట, గడ్డం కింద, బూడిదరంగు ఉన్ని మీద గోధుమ నలుపు మరకలు. ఇంకా తడిగానే ఉన్నాయి. ఒలికిన మరకలు కావవి. పుల్లకి దూది చుట్టి, తీరిగ్గా, ఇంటి ముందు ముగ్గు పెట్టినంత ఒద్దికగా పూసిన మరకలు.

ఆ ఒద్దిక చూసి ఛాయ ముసుగుని దూరంగా జరిపి పట్టుకుంది.

కిందటి వారాల్లో ఈ కథ ఎంతదాకా వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. భిలాయిలో 'కచరా కంపెనీ' అని ఒక బ్యాండు ఉంది. పెట్టినవాడు ఛాయ అన్న రాజగోపాల్. తండ్రి భుజంగరావు ఉక్కు ప్లాంటులో పెద్ద ఆఫీసరు. కొడుకు కోహ్కాలో ఒక రేకుల షెడ్డు అద్దెకి తీసుకుని తుక్కు వాయిస్తాడు. తుక్కు అంటే తుక్కే. తారు డ్రమ్ములు, తుప్పు రేకులు, మైకు కట్టిన కుట్టుమిషను. వాటి మధ్య రాజగోపాల్ గిటారు, ఛాయ హార్మోనియం. వీటన్నిటి ముందు గోనెపట్టా కప్పుకుని, బూడిద పూసిన ముసుగుతో, తలా మెడా కనిపించకుండా నిలబడేవాడు రాఖ్ బాబా, అంటే బూడిద బాబా. అతని పాటల్లో మాటలుండవు. దగ్గుతాడు, మూలుగుతాడు, కొలిమి తిత్తిలా రొప్పుతాడు. ఛీ అని ఉమ్మి వెళ్ళినవాళ్ళే మర్నాడు ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని వచ్చేవారు.

రాఖ్ బాబా ఎవరో ఊళ్ళో ఎవరికీ తెలియదు. అతను క్యాంప్ 2లో ఉండే బసవరాజు. కాంట్రాక్టు కూలీ. ఛాయకి మాత్రం అంతకంటే ఎక్కువ.

కంపెనీకి రాజగోపాల్ పెట్టిన రూలు ఒకటుంది. ప్రోగ్రాం ముందురోజు సాయంత్రం ముసుగు తొడిగితే, మర్నాడు ఆట ముగిసేదాకా తీయకూడదు. దాంతోనే పడుకోవాలి, నోటి దగ్గర చీలికలోంచే తినాలి, ఎవరితోనూ మాట్లాడకూడదు. ఆ రూలే బసవరాజు కొంప ముంచింది. సుపేలా గణపతి పందిట్లో ప్రోగ్రాం ముందురోజు ఎవరో ముసుగు లోపల నల్లజీడి రసం పూశారు. చాకళ్ళు బట్టలకి గుర్తు పెట్టే జీడి. ఇక్కడివాళ్ళు భేలవా అంటారు. చర్మానికి తగిలితే నెమ్మదిగా పొక్కిస్తుంది. బసవరాజు చెమటకాయలనుకున్నాడు. రూలు రూలే కదా అని ఒక రాత్రీ ఒక పగలూ ఓర్చుకున్నాడు. పందిట్లో దీపాల వేడికి పొక్కులు చిట్లాయి. అప్పుడతను పెట్టిన కేకకి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ముసుగు విప్పినప్పుడు ఉన్నితోపాటు బుగ్గల చర్మం ఊడి వచ్చింది. కుడి కన్ను ఇక పనికి రాదన్నారు డాక్టర్లు.

షెడ్డు పక్కింటి జోగయ్య బట్టలుతుకుతాడు. ఈ రొద పడలేక, ఆ ముసుగువాడి బుర్ర పగలగొడతానని ఒకనాడు వీధిలో అరిచాడు. అతని ఇంట్లో జీడిగింజలు దొరికాయి. పోలీసులు పట్టుకెళ్ళారు. అక్కడితో సరి అనుకున్నారంతా.

కానీ ఈ కొత్త ముసుగు కుట్టింది జోగయ్య లాకప్పులో ఉండగా.

అంటే జోగయ్య కాదు. చేసినవాడు బయటే ఉన్నాడు. రేపు రాయ్‌పూర్‌లో ప్రోగ్రాం. పందిట్లో తీసిన టేపు విని, బొంబాయి రికార్డుల కంపెనీ సేఠ్ స్వయంగా వస్తున్నాడు. ఒంటి కన్నుతోనే పాడతానని బసవరాజు పట్టుబట్టాడు. కట్టు మార్పించుకుని సాయంత్రానికి నేరుగా ఈ షెడ్డుకే వస్తాడు. ఈ ముసుగే తొడుక్కుంటాడు.

ముసుగుని అక్కడే తగలబెట్టాలనిపించింది ఛాయకి. తగలబెడితే? ఇంకోటి కుడతారు. దానికీ పూస్తాడు వాడు. బసవరాజుకి మిగిలింది ఒక్క కన్ను. అది దక్కాలంటే ముసుగు పోతే చాలదు, పూసినవాడు దొరకాలి.

ముసుగుని మళ్ళీ గోనెసంచిలో పెట్టి మేకుకి తగిలించింది. షెడ్డుకి తాళంచెవులు రెండు. ఒకటి అన్నయ్య జేబులో ఉంటుంది. ఇంట్లో వంటగది గోడకి వేలాడే రెండోది ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. తాళం వేసి సైకిలెక్కింది.

* * *

క్యాంప్ 2లో బసవరాజు తల్లి పార్వతమ్మ వాకిట్లో కుంపటి మీద కట్టుగుడ్డలు ఉడకబెడుతోంది. చీము వాసన, సున్నం వాసన, పక్కనే మురుగు కాల్వ వాసన. పొంగుతున్న నీళ్ళలో పసుపుపచ్చని నురగ. ఛాయ ఊపిరి బిగబట్టింది. బిగబట్టినందుకు సిగ్గుపడి, వదిలేసింది.

"బసవ ఏడీ అత్తా?"

"తెల్లారే ఎల్లినాడమ్మా, మీ అన్నబాబుతోటి. కట్టు మార్పించుకుని అట్నుంచటే వస్తానన్నాడు. ఏటి, అలా ఉన్నావు? అన్నం తిన్నావా లేదా?"

"తిన్నాను. అత్తా, ముసుగు కుట్టింది నువ్వే కదా. ఎవరికిచ్చావు?"

"ఎవుడికిత్తాను? మీ అన్నబాబుకే. నిన్న పొద్దున్నొచ్చి అట్టుకెల్లినాడు."

"అప్పుడు లోపల మరకలేమైనా ఉన్నాయా?"

పార్వతమ్మ గరిటె ఆపి తలెత్తింది. "మరకలేటి? నా కొడుకు మొకానికి ఆనేదాన్ని నాను మరకల్తో కుడతానా? కొత్త ఉన్ని. గీరుకుంటాదేమోనని నా బుగ్గకి ఆన్సి మరీ సూసుకున్నాను. ఇదిగో, ఈ బుగ్గకి."

ఆ బుగ్గ నున్నగా ఉంది. ఒక్క పొక్కు లేదు.

"నువ్వు ఇచ్చేశాక దాన్ని ఇంకెవరైనా అడిగారా?"

పార్వతమ్మ గుడ్డలు కలియబెట్టింది. 

"నీకు సెప్పొద్దన్నారమ్మా."

"ఎవరు?"

"మీ నాయనగారు. నిన్న మజ్జాన్నం ఒచ్చినారు. సందులోకి స్కూటరు రాకపోతే కాల్వ దాటి నడిసొచ్చినారు, ముక్కుకి జేబురుమాలు అడ్డెట్టుకుని. మా అమ్మాయి జోలికి రావొద్దని మీవాడికి సెప్పు అన్నారు. బసవడు మంచం మీదే ఉన్నాడు. కట్టు లేదప్పుడు. ఆడి మొకం సూసి బయటికొచ్చి, ఆ అరుగు పక్కన వాంతి సేసుకున్నారు."

ఛాయ ఆ అరుగు వైపు చూసింది.

"నీళ్ళిస్తే తాగనేదు. మా గళాసు కదా. ముసుగెక్కడ అన్నారు. మీ బాబే అట్టుకుపోనాడంటే, దాని సంగతి నాను సూస్తాను అనీసి ఎల్లిపోనారు."

వంటగది గోడకి వేలాడే తాళంచెవి ఛాయ కళ్ళ ముందు ఆడింది. జీడిగింజలు ఏ పచారీ కొట్లో అడిగినా ఇస్తారు. ఆఫీసరు గారు అడిగితే పొట్లం కట్టి మరీ ఇస్తారు.

"ఏటమ్మా, ఏటయ్యింది?"

"ఏం లేదత్తా," అంది ఛాయ. ఆమె గొంతు ఆమెకే అసహ్యంగా వినిపించింది.

* * *

కోహ్కా షెడ్డు ముందు నాన్న స్కూటరు ఆగి ఉంది. తలుపు బార్లా తీసి ఉంది. బసవరాజు ఇంకా రాలేదు.

లోపల భుజంగరావు నడుం మీద చేతులు పెట్టుకుని, బూటు కాలితో తారు డ్రమ్ముని కదిపి చూస్తున్నాడు. రాజగోపాల్ మూల స్టూలు మీద కూర్చుని గిటారు తీగలు బిగిస్తున్నాడు.

"కుట్టుమిషనుకి మైకా?" అంటున్నాడు భుజంగరావు. "దీన్ని సంగీతమని ఎవడైనా అంటాడురా? దర్జీ కూడా సిగ్గుపడతాడు."

"దర్జీ సాబ్‌కి తాళం తెలీదు, నాన్నా. మిషనుకి మేం నేర్పాం."

"నోరుముయ్. అమ్మాయీ, వచ్చావా? పద, స్కూటరెక్కు. రేపు రాయ్‌పూరూ లేదు, ఏమీ లేదు. ఆ కుర్రాడి మొహం చూశావా నువ్వు? మనిషి మొహమా అది? ఉడికించిన వంకాయ తొక్క తీసినట్టు..."

"చూశాను," అంది ఛాయ. "రోజూ చూస్తున్నాను. మీరు నిన్ననే కదా చూశారు."

భుజంగరావు డ్రమ్ము మీంచి కాలు తీశాడు. రాజగోపాల్ వేళ్ళు తీగ మీద ఆగాయి.

"చెప్పేసిందన్నమాట ఆవిడ," అన్నాడు భుజంగరావు.

"వంటింట్లో తాళంచెవి మీరు తీశారా నాన్నా?"

"తీశాను."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. "ఎందుకు?"

"తగలబెడదామని. నిన్న సాయంత్రం వచ్చాను. ఆ సంచి కింద పెట్టి అగ్గిపుల్ల గీశాను కూడా." భుజంగరావు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. అది అతని అలవాటు. కింది ఉద్యోగుల ముందు చెయ్యడు. "చెవుల దగ్గర ఆవిడ రెండు వరసలు కుట్టింది. తాడు కోసుకోకుండా. అది చూశాక చెయ్యి రాలేదు. ఊదేసి వచ్చేశాను."

"నాన్న దయామయులు," అన్నాడు రాజగోపాల్. "వాళ్ళింట్లో గ్లాసెడు నీళ్ళు మాత్రం తాగరు."

"నువ్వు మాట్లాడకురా!"

"కాల్చకపోతే ఇంకేం చేశారు దాన్ని?" అంది ఛాయ.

"ఇంకేం చేస్తాను?"

"చూశారా లోపల?"

"లోపల చూడ్డానికేముంది? గోనెపట్టా, ఉన్నీను." భుజంగరావుకి విసుగొచ్చింది. అది కోపమైంది. "అసలు ఏముందే దీన్లో? నా ఇద్దరు పిల్లలూ చదువులు గాలికొదిలి దీని వెనక తిరుగుతున్నారు. ఊళ్ళో జనం పందిట్లో దేవుణ్ణి వదిలేసి దీన్ని చూస్తారు. ఒకడు మొహం పోగొట్టుకుని కూడా మళ్ళీ ఇదే కావాలంటాడు. ఏం కనిపిస్తుందిరా మీకు దీంట్లోంచి? నేనూ చూస్తాను."

మేకు మీది సంచి లాగాడు. ముసుగుని బయటికి తీశాడు. బయటి గోనెపట్టా పట్టుకుని, చిక్కులు పడిన తాళ్ళు విదిలించి, కళ్ళజోడు జేబులో వేసుకున్నాడు.

ఛాయ అతని చేతుల్నే చూస్తోంది. పూసినవాడైతే ఇక్కడ ఆగుతాడు. ఏదో సాకు చెబుతాడు, ఛీ అని విసిరేస్తాడు. ఆగుతాడా?

భుజంగరావు ఆగలేదు. కళ్ళజోడు లేక కళ్ళు చికిలించి, రెండు చేతులా ముసుగు పైకెత్తి, తల వంచాడు.

పూసింది నాన్న కాదు!

అరవడానికి నోరు తెరిచింది.  రుజువు కోసం కన్నతండ్రి మొహాన్ని అంతదాకా పోనిచ్చింది తనే.

"నాన్నా, వద్దు!"

అరిచింది రాజగోపాల్. స్టూలు పడిపోయింది. ఒక్క దూకులో వచ్చి గిటారుతో తండ్రి చేతుల మీద కొట్టాడు. ముసుగు ఎగిరి రేకుల మీద పడింది. గిటారు మెడ విరిగి తీగలు గుంయ్‌మన్నాయి.

భుజంగరావు మణికట్టు పట్టుకుని కొడుకు వంక వెర్రిగా చూశాడు. "ఏమిట్రా? నేను తాకితే మైలపడుతుందా నీ బాబా?"

 రాజగోపాల్ తండ్రిని చూడటం లేదు. చెల్లెల్ని చూస్తున్నాడు.

"ఎందుకు వద్దన్నావన్నయ్యా?" అంది ఛాయ.

"ఎందుకేంటి? మొదటిదానికి అలా అయింది కదా. భయమేసింది."

"మొదటిదానికి పూసినవాడు లాకప్పులో ఉన్నాడుగా. పాపం పండింది, ఇక ఏ ఢోకా లేదని ఊరంతా చెప్పింది నువ్వేగా."

"అరే యార్, ఏదో కంగారులో..."

"అందులో ఏముందో నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు. అత్తకి చెప్పలేదు. నాన్నకి తెలీదు, తెలిస్తే మొహానికి పెట్టుకోబోయేవారు కాదు. నీకెలా తెలిసింది?"

భుజంగరావు కిందికి వంగాడు. కళ్ళజోడు పెట్టుకుని ముసుగు లోపలి మరకలు చూశాడు. తన అరచేతులు చూసుకున్నాడు. గబగబా ప్యాంటుకి రుద్దుకున్నాడు. ఒక్కసారిగా అతని వయసు పదేళ్ళు పెరిగినట్టు కనిపించింది.

ఛాయ గుడ్డతో ముసుగు అందుకుని అన్న మొహానికేసి చాచింది. "నీ రూలే కదా. ముసుగు వెనక ఎవడైనా ఒకటే అంటావు. పెట్టుకో."

రాజగోపాల్ వెనక్కి జరిగాడు. ఇంకా జరిగాడు. వీపు తుప్పు రేకుకి తగిలి ధన్‌మంది. ఆ చప్పుడుకి అతను తల కాస్త వంచి, చెవి ఒగ్గి విన్నాడు. ఈ స్థితిలో కూడా విన్నాడు! 

"రాజా," అన్నాడు భుజంగరావు. ఆ పిలుపు విని చాలా ఏళ్ళయింది. "రాజా, ఆ జోగయ్యే చేశాడని చెప్పరా. ఎవడో చేశాడని చెప్పు."

రాజగోపాల్ కింద కూర్చున్నాడు. విరిగిన గిటారు ఒళ్ళోకి తీసుకుని, తెగిన తీగని వేలికి చుట్టుకుంటూ మొదలుపెట్టాడు.

"జోగయ్యకేం తెలుసు నాన్నా, పాపం. నేనే పూశాను. రెండిటికీ నేనే. జోగయ్య ఇంట్లో గింజలుంటాయి, అనుమానం అటు పోతుందని కూడా అనుకున్నాను. ఛాయా, నువ్వలా చూడకు. బసవ మీద నాకు పగేం లేదు. వాడంటే నాకెంత ఇష్టమో నీకు తెలీదు. ఎన్నాళ్ళబట్టో వాడి దగ్గర్నుంచి ఒక్క కేక రాబట్టాలని చూస్తున్నాను. ఒక్కటి. కొలిమి మూత తీసినప్పుడు వేడి మొహాన కొట్టినట్టుండాలి. తిట్టాను, చన్నీళ్ళు పోశాను, తిండి పెట్టకుండా నిలబెట్టాను. మేకలా అరిచేవాడు. మంచివాడు కదా, వాడికి అరవడం రాదు. కాస్త మండితే వస్తుందనుకున్నాను. కన్ను పోతుందనుకోలేదు, ప్రమాణం. పందిట్లో వచ్చింది, విన్నావుగా? నువ్వు హార్మోనియం ఆపేశావు. నేను ఆపలేదు. వాడి చర్మం చిట్లుతోందని నాకొక్కడికే తెలుసు, అయినా ఆపలేదు. ఆపితే టేపు పాడైపోయేది. ఆ టేపు విని సేఠ్ ఫోన్లో ఏమన్నాడో తెలుసా? గిటారు గురించి ఒక్క ముక్క లేదు. 'వో చీఖ్ చాహియే' అన్నాడు. ఆ కేక కావాలట. రాయ్‌పూర్‌లో తన చెవులతో వినాలట. మళ్ళీ అరవమంటే మళ్ళీ మేక. ఏం చెయ్యను? ఈసారి కళ్ళ దగ్గర పుయ్యలేదు, చూసుకో. నేను రాక్షసుణ్ణి కాదు."

"బసవ వచ్చేస్తాడు," అంది ఛాయ.  "వాడికి చెబుతాను. మొత్తం చెబుతాను."

"చెప్పు. వాడికేం కొత్త కాదు." రాజగోపాల్ మొదటిసారి తలెత్తాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి; అవే అన్నిటికంటే రోతగా ఉన్నాయి. "పొద్దున్నే వాడికి అంతా చెప్పేశాను. కాళ్ళు పట్టుకున్నాను. కొడతాడనుకున్నాను, కొట్టలేదు. చాలాసేపు గోడకేసి చూశాడు. తర్వాత ఏమన్నాడో తెలుసా? 'పుయ్యి భయ్యా. ముసుగు లేకపోతే ఈ మొకం ఎవుడు సూస్తాడు?' అన్నాడు. ఇక్కడే, ఈ కిటికీ దగ్గర పూశాను ఛాయా. పుల్ల నేను పట్టుకున్నాను. సీసా వాడు పట్టుకున్నాడు."